1830లోనే క్యాంపర్‌వ్యాన్ ట్రిప్: ఏనుగుల వీరాస్వామి కాశీ ప్లాన్

కొత్తచెరువు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ ఫారిన్‌లో మొదటిసారి క్యాంపర్‌వ్యాన్ తోలాలనుకునే వాళ్ళ కోసం. అంటే వ్యాన్‌లోనే మంచం, స్టవ్వు, సింకు, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉంటాయి. ఏ ఊరికి పోతే ఆ ఊళ్ళోనే మన ఇల్లు. అయితే నేను బండి రివ్యూ చెప్పట్లేదు, చరిత్ర చెప్తా. ఇంటిని వెంటేసుకొని పరాయి రాజ్యాలు దాటిన ఒక తెలుగాయన ఉన్నాడు. ఆయన ప్లాన్ చూస్తే మన ప్లాన్‌లో ఏం తక్కువైందో తెలుస్తుంది.

ఆయన పేరు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్, అప్పటి మాటలో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినాడు. పదిహేను నెలల పైనే పట్టింది. రైలు లేదు. మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు బొంబాయి, ఠాణాల మధ్య నడిచింది 1853లో. కాశీకి పోయినోడు కాటికి పోయినోడితో సమానం అని సామెత పుట్టిన కాలం అది.

మరి కాశీ ఫారిన్ ఎట్లయింది? అప్పటి మ్యాప్ చూడండి. మద్రాసు, కడప కంపెనీవి. మన అనంతపురం సీమను కూడా 1800లోనే నిజాం కంపెనీకి ఇచ్చేసినాడు. శ్రీశైలం వైపు కర్నూలు నవాబు రాజ్యం. కృష్ణ దాటితే నిజాం, ఇంకా పైకి పోతే నాగపూరు భోంస్లేలు. ఎవరి హద్దులోకి పోతే వాళ్ళ సుంకం కట్టాల్సిందే. శ్రీశైలంలో దేవుణ్ణి చూడ్డానికి కూడా యాత్రికుల దగ్గర నవాబు మనుషులు డబ్బు వసూలు చేసేవాళ్ళు. నాణేలూ వేరే. కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది 1835లో. అంటే వీసా, టోల్‌గేటు, కరెన్సీ మార్పిడి, ఈ మూడు తలనొప్పులూ ఆయనకు దారి పొడుగునా ఉన్నాయి.

ప్రమాదం ఎంతుండేదో మన సీమ నుంచే ఒక ఉదాహరణ చెప్తా. మన పెద్దోళ్ళు మండ్రోలయ్య అని చెప్పుకునే సర్ థామస్ మన్రో. మద్రాసు గవర్నరు. డేరాలు, నౌకర్లు, డాక్టర్లు, దేనికీ లోటు లేని మనిషి. 1827 జులైలో ఇదే సీమలో తిరుగుతూ పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. అంత పెద్ద గవర్నరుకే దారిలో ప్రాణాలు దక్కలేదు. ఇది జరిగి మూడేళ్ళు కూడా నిండకముందే వీరాస్వామి బయలుదేరినాడు.

ఎట్లా పోయినాడు? వెంట దగ్గర దగ్గర వంద మంది. ఎక్కి పోవడానికి మేనా, దాన్ని మోసే బోయీలు, రాత్రికి డేరాలు, వంట సామాను. తెల్లారకముందే లేచి కొన్ని మైళ్ళు నడవడం, ఎండ ముదిరే లోపల ఒక ఊళ్ళో దిగడం. దాన్నే మజిలీ అంటారు. గంగ దగ్గరికి చేరినాక కొంత దూరం పడవల్లో కూడా పోయినారు. ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఆ బండికి ఇంజన్ బోయీల భుజాలే. పుస్తకం మీద పేరు ఆయనది, బరువు మోసింది వాళ్ళు.

ఆయన చేసిన అసలు పని రాయడం. ఏ మజిలీలో ఏముందో రాసి మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపినాడు. గుళ్ళు, దేవుళ్ళ గురించే కాదు. దారి రాళ్ళదా, ఇసుకదా, రేగడా? ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయా? దిగడానికి చోటుందా? నీళ్ళు మంచివేనా? ఇట్లాంటివన్నీ రాసినాడు.

నీళ్ళ సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మన ఊరి పేరులోనే చెరువుంది. పక్కనే బుక్కపట్నం చెరువుంది. కరువు సీమలో పుట్టినోళ్ళం, యాడికి పోయినా ఫస్టు నీళ్ళు యాడున్నాయని అడుగుతాం. క్యాంపర్‌వ్యాన్‌కు కూడా అదే మొదటి ప్రశ్న. ట్యాంకు ఎక్కడ నింపుకోవాలి? వాడిన నీళ్ళు, టాయిలెట్ క్యాసెట్ ఎక్కడ ఖాళీ చేయాలి? న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో దానికి డంప్ స్టేషన్లు ఉంటాయి. రోడ్డు పక్కన పారబోస్తే జరిమానా పడుతుంది.

రెండో ప్రశ్న, ఈ నేల ఎవరిది, ఇక్కడ రాత్రి పడుకోవచ్చా? న్యూజిలాండ్‌లో దీనికి 2011 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. చాలా చోట్ల టాయిలెట్, నీళ్ళు బండిలోనే ఉన్నాయని సర్టిఫికెట్ ఉన్న వ్యాన్‌కే అనుమతి. మూడోది కాగితాలు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు, మామూలుగా ఏడాది చెల్లుతుంది. విమానం టికెట్ కొనకముందే చూసుకోండి. నాలుగోది మజిలీ. రోజుకు ఎంత దూరం? మ్యాప్‌లో నాలుగు గంటలని చూపిస్తుంది. కొత్త రోడ్డు, పెద్ద బండి, మధ్యలో వంట. చీకటి పడకముందే ఆగేటట్టు లెక్కేసుకోండి.

ఈ నాలుగూ వీరాస్వామి రాసుకున్నవే. అప్పుడు సిగ్నల్ లేదు, ఇప్పుడు ఉంది. కానీ కొండల్లో సిగ్నల్ పోయిందంటే మీరూ 1830లోనే ఉన్నట్టు. అందుకే ఆఫ్‌లైన్ మ్యాప్‌తో పాటు ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

వీరాస్వామి 1836లో చనిపోయినాడు. ఆ ఉత్తరాలన్నిటినీ శ్రీనివాసపిళ్ళె 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చు వేయించినాడు. అచ్చయిన పుస్తకాన్ని ఆయన చూడనే లేదు. అయినా తన వెనకాల వచ్చే ముసాఫరు దప్పికతో పడిపోకూడదని ఊరూరి నీళ్ళ సంగతి రాసిపెట్టి పోయినాడు. మీరు కూడా ఫోటోలతో ఆపొద్దు. నీళ్ళు ఎక్కడ దొరికినాయి, రాత్రి ఎక్కడ ఆగనిచ్చినారు, ఎంత ఖర్చయింది, అన్నీ తెలుగులో రాసి పెట్టండి. మన ఊరి నుంచి రేపు బయలుదేరే ఇంకో పిల్లోడికి అదే దారి చూపిస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.