గడ్డిని ఆకలితో పెంచే చోట

ఏప్రిల్ నెల, ఉదయం ఐదున్నర. స్కాట్లాండ్ తూర్పు తీరంలోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో రాతి ఇళ్ళు ఇంకా మసక చీకట్లోనే ఉన్నాయి. ఉత్తర సముద్రం మీంచి వీచే గాలి చెవుల్ని కోసేస్తోంది. మీరు ఇక్కడి గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్స్‌లో మొదటి గ్రీన్ పక్కన, అంటే బంతిని గుంటలోకి దొర్లించే పొట్టి పచ్చిక పక్కన నిలబడ్డారు. ఆటగాళ్ళు వచ్చేలోపు ఈ పచ్చిక తయారు కావాలి. అందుకే పనివాళ్ళు మీకంటే ముందే వచ్చేశారు.

ఒకతను పొడుగాటి సన్న కర్రను గడ్డి మీద అటూ ఇటూ ఊపుతూ నడుస్తున్నాడు. అతను నడిచినంత మేరా మంచు రాలిపోయి పచ్చిక ముదురు రంగుకు తిరుగుతోంది. తడి గడ్డి సరిగ్గా తెగదు, పైగా బూజు తెగుళ్ళు పడతాయి. అతని వెనకే గడ్డి కోసే మోవర్ వస్తోంది. గడ్డి నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తున మిగిలితే చాలు. ఇక్కడి గ్రీన్లు చాలా పెద్దవి, పద్నాలుగు హోల్స్‌కి ఏడే గ్రీన్లు. ఒక్కోదాన్ని రెండేసి హోల్స్ పంచుకుంటాయి, ఆ రెండు హోల్స్ నంబర్లూ కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది. రెండోది పదహారుతో, మూడోది పదిహేనుతో. ఒకటి, తొమ్మిది, పదిహేడు, పద్దెనిమిది హోల్స్‌కి మాత్రం విడివిడిగా ఉన్నాయి.

మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని దగ్గరగా చూడండి. సూదుల్లా సన్నగా, కాస్త బూడిద రంగు కలిసిన ఆకుపచ్చలో ఉన్నది ఫెస్క్యూ అనే గడ్డి. దాని పక్కనే లేత పసుపుపచ్చగా, అప్పుడే చిన్న తెల్లటి కంకులు వేస్తున్నది పోవా అనే ఇంకో గడ్డి. వసంతం వస్తే ఈ రెండింటికీ పోటీ. నేల వేడెక్కడం మొదలవగానే పోవా ముందు లేచి కూర్చుంటుంది. ఫెస్క్యూ నింపాదిగా నిద్ర లేస్తుంది. ఇప్పుడు ఎరువు ఎక్కువ వేసినా, నీళ్ళు ఎక్కువ పెట్టినా గెలిచేది పోవాయే. వేళ్ళు లోతుకు దింపి, ఇసుక నేలలో కరువుకు ఓర్చుకునే ఫెస్క్యూ నిలవాలంటే పచ్చికను కాస్త ఆకలితో ఉంచాలి. పచ్చగా మిసమిసలాడించడం సులువు. ఆశ చంపుకుని ఎరువు సంచిని కొట్లోనే ఉంచడం కష్టం.

ఎరువు మాట ఎలా ఉన్నా ఇసుకకు మాత్రం లోటు చేయరు. సన్నటి ఇసుక పలచగా చల్లి, బ్రష్షుతో గడ్డి మొదళ్ళలోకి తోస్తున్నారు. నేల గట్టిగా, సమంగా ఉంటుంది, నీళ్ళు నిలవవు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ గ్రీన్‌కీపర్‌గా దశాబ్దాల పాటు పనిచేసిన ఓల్డ్ టామ్ మారిస్ నమ్మిన పద్ధతి ఇదే.

ఇక ఫెయిర్‌వే దాటి అటు రండి. మాట్లాడుకుంటూ నడిచే మీ కాళ్ళ ముందు ఉన్నట్టుండి నేల మాయమవుతుంది. అదే బంకర్, బంతిని మింగే ఇసుక గుంట. ఓల్డ్ కోర్స్‌లో ఇవి వందకు పైనే. 2000లో టైగర్ వుడ్స్ ఇక్కడ ఓపెన్ టోర్నమెంట్ గెలిచినప్పుడు నాలుగు రోజుల ఆటలో అతని బంతి ఒక్కదాంట్లోనూ పడలేదు. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు నకజిమా పదిహేడో గ్రీన్ మీద పట్ చేసిన బంతి రోడ్ హోల్ బంకర్‌లోకి జారింది. ఆ హోల్ ముగిసేసరికి అతనికి 9 దెబ్బలు పట్టాయి.

మీరు చూస్తున్న బంకర్‌లో శీతాకాలపు మరమ్మతు ఇప్పుడు ముగింపుకు వచ్చింది. పాత గోడను తవ్వి పారేశారు. ఇద్దరు గుంటలో నిలబడ్డారు, పైనుంచి ఇంకొకతను పచ్చిక పెళ్ళలు అందిస్తున్నాడు. తాపీ మేస్త్రీ ఇటుక పేర్చినట్టే ఒక వరస మీద ఇంకో వరస, అతుకు మీద అతుకు పడకుండా పేరుస్తున్నారు. ప్రతి వరసనీ కింది దానికంటే ఒక పిసరు వెనక్కి జరిపి పెడతారు. వెనక ఖాళీలో మట్టి పోసి దిమ్మిస కొడతారు. దిమ్మిస సరిగ్గా పడకపోతే వానకు లోపలి మట్టి కుంగి, గోడ కడుపు ముందుకు ఉబ్బుతుంది. చివరి వరసను చుట్టూ ఉన్న పచ్చికతో కలిపేస్తారు, ఆపైన పొడుగాటి కత్తితో గోడ ముఖాన్ని చెక్కుతారు. అడుగున ఇసుకను గోడ దగ్గర కొంచెం ఎత్తుగా సర్దుతారు. బంతి గోడకు అతుక్కుపోకుండా మధ్యకు దొర్లాలి కదా.

ఇంత కష్టపడి కట్టినా ఆ గోడ నిలిచేది కొన్నేళ్ళే. దక్షిణం వైపు తిరిగిన గోడలు ఎండకు ముందుగా ఎండి పొడిపొడిగా రాలతాయి. గాలి ఇసుకను ఎగజిమ్ముతుంది, కుందేళ్ళు తొలుస్తాయి, ఆటగాళ్ళ దెబ్బలు సరేసరి. లోపలి పెళ్ళలు కుళ్ళి మట్టిలో కలిసిపోతాయి. అప్పుడు మళ్ళీ తవ్వి, మళ్ళీ మొదటి వరస నుంచి కట్టాలి. వందల ఏళ్ళ నాటి మైదానం అని మనం ఫోటోలు తీసుకునే చోట చాలా గోడలు నిన్న మొన్నటివే.

ఆదివారం సాధారణంగా ఈ కోర్సులో ఆట ఉండదు. ఆ రోజు ఊరి వాళ్ళు కుక్కలతో, పిల్లలతో ఇక్కడ షికారు చేస్తారు, మీరూ టికెట్ లేకుండా నడవొచ్చు. ఎప్పుడైనా వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బంకర్ గోడ అంచున నిలబడి ఫోటో దిగకండి. మీ బరువుకు పైవరస కుంగితే దాన్ని సరిచేయడానికి తెల్లవారుజామున ఎవరో పార పట్టుకుని రావాలి.