ఖిబ్లా గోడ, మూడు దీపాలు

మా మానుకోటలో టీవీ చరిత్ర అడిగితే చాలామంది రామాయణం సీరియల్‌తో మొదలుపెడతారు. 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున గల్లీలు ఖాళీ అయిన మాట నిజమే. మా ఇంటి తారీఖ్ మాత్రం ఇంకో దర్వాజా నుంచి మొదలవుతుంది. ఆ దర్వాజాకు చిల్మన్ వేలాడుతుండేది.

అప్పట్లో రాత్రికి ఇంతని వీసీఆర్ కిరాయికి తెచ్చేవాళ్లు. టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు రిక్షా మీద వచ్చేవి. మర్దులు, పిల్లలు దాలాన్‌లో చాప మీద. సినిమా హాలు గడప తొక్కని ఔరతులు లోపలి గదిలో, చిల్మన్ వెనక. ఇరవై ఇంచుల బొమ్మ అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది? "ఆవాజ్ విని సూరత్ మేమే అల్లుకునేవాళ్లం" అంటుంది అమ్మీ. 1990లో దూరదర్శన్‌లో టిప్పు సుల్తాన్ సీరియల్ వచ్చినప్పుడు కూడా మా నానీ టిప్పును చూసిందాని కన్నా విన్నదే ఎక్కువ.

అందుకే 2001లో జిద్దా నుంచి మామూ పంపిన పెట్టెలో నలభై మూడు ఇంచుల టీవీ ఉందని తెలిసినప్పుడు అందరికంటే ముందు ఖుష్ అయింది నానీ. నలుగురు మోస్తే గానీ గడప దాటలేదది. బీరువా అంత ఎత్తు. వెనక అద్దం, ముందు పర్దా లాంటి స్క్రీన్. ప్రొజెక్షన్ టీవీ అన్నారు.

మామూ ఫోన్ చేసి మొదట చెప్పింది ప్లగ్ పెట్టొద్దని. సౌదీలో అప్పటికి ఇళ్లలో కరెంటు 127 వోల్టులు, మనది 230. వెనక చీటీ మీద 110 నుంచి 240 దాకా అని ఉంటేనే నేరుగా పెట్టాలి, లేకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. మాదాని మీద 240 దాకా రాసి ఉంది, అల్హందులిల్లా. బొమ్మ విషయంలోనూ ఒక చిక్కుంది. సౌదీ చాలాకాలం సెకామ్ పద్ధతిలో ప్రసారం చేసింది, మనది పాల్. గల్ఫ్‌లో అమ్మే సెట్లు చాలావరకు రెండూ తీసుకునేవి కాబట్టి బతికిపోయాం. కేబుల్ వైరు పెడితే బొమ్మంతా చుక్కలే, పెద్ద స్క్రీన్ మీద చిన్న ఐబ్ కూడా పెద్దగా కనిపిస్తుంది మరి. వీసీడీ ప్లేయర్ నుంచి పసుపు వైరు బొమ్మకు, తెలుపు ఎరుపు ఆవాజ్‌కు పెట్టాక ఇల్లు సినిమా హాలైంది.

ఇంటికి ఇంత పెద్ద బొమ్మ తేవాలన్న ఖ్వాబ్ పాతదే. అమెరికాలో హెన్రీ క్లాస్ అనే ఆయన 1972లో అడ్వెంట్ వీడియోబీమ్ అనే సెట్ తెచ్చాడు. యంత్రం గది మధ్యలో, తెర గోడ దగ్గర. తర్వాత వచ్చిన కంపెనీలు ఆ రెంటినీ ఒకే పెట్టెలో ఇరికించాయి. లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చిన్న ట్యూబులు, ఒక్కో దాని ముందు ఒక లెన్సు. మూడు వెలుగులూ వెనక అద్దానికి తగిలి ముందు స్క్రీన్ మీద కలిస్తేనే బొమ్మ.

బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్ 11వ శతాబ్దంలో కితాబుల్ మనాజిర్‌లో ఇలాంటి మాటే రాశారు. చీకటి గది గోడకు ఒక రంధ్రం, బయట వరసగా దీపాలు. లోపలి గోడ మీద ఒక్కో దీపం వెలుగు వేరుగా పడుతుంది. ఒక దీపాన్ని మూస్తే దాని వెలుగొక్కటే పోతుంది. దారిలో వెలుగులు ఒకదాన్నొకటి చెడగొట్టుకోవని ఆయన తేల్చారు. ఆ ఖాయిదా లేకపోతే మా ఇంటి టీవీ లేదు. మదర్సాలో గానీ బడిలో గానీ ఆయన పేరు నాకెవరూ చెప్పలేదు, అది వేరే షికాయత్.

అసలు ఝగ్డా గోడ దగ్గర వచ్చింది. ప్లగ్ పడమటి గోడకుంది కాబట్టి టీవీ అక్కడే నిలబడింది. మగ్రిబ్‌కు అబ్బా ముసల్లా పరిచి తల ఎత్తితే ఎదురుగా బీరువా అంత టీవీ.

"సజ్దా టీవీకు కర్‌నా క్యా?"

చాదర్ కప్పుదామంది నానీ. అబ్బా వినలేదు. మర్నాడే దాన్ని ఉత్తరపు గోడకు తిప్పించారు. రాత్రి ఆన్ చేస్తే మనుషుల చుట్టూ ఎర్రటి నీడ ఒకవైపు, నీలం నీడ ఇంకోవైపు. నజర్ తగిలిందని అమ్మీ మిరపకాయలు తిప్పింది. మెకానిక్ వచ్చి నవ్వాడు. ఈ ట్యూబుల్లో బొమ్మ గీసే కిరణాలను భూమి అయస్కాంత శక్తి కొంచెం లాగుతుందట. సెట్ ముఖం తిప్పితే ఆ లాగుడు మారి మూడు రంగులూ జరుగుతాయి. అబ్బా లోపలికి వెళ్లి తన ఖిబ్లా కంపాస్ తెచ్చి టీవీ పక్కన పెట్టి చాలాసేపు ముల్లును చూశారు. మానుకోట నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా. ఆ దిక్కు చూపే తాకతే మా టీవీ రంగులు విడదీసిందంటే ఆయనకు కోపం పోయింది.

సరిచేయడానికి పద్ధతుంది. సెట్ అరగంట వేడెక్కాలి. మెనూలో కన్వర్జెన్స్ తెరిస్తే గళ్లు వస్తాయి. ఎరుపు, నీలం గీతలను ఆకుపచ్చ మీదికి జరిపితే తెల్లగా అవుతుంది. అబ్బా రిమోట్ నొక్కేవారు, నానీ దగ్గర కూర్చుని "ఔర్ జరా ఇధర్" అనేది. మిగతా పరహేజ్ మెకానిక్ నేర్పాడు. స్క్రీన్‌ను మెత్తటి బట్టతో మాత్రమే తుడవాలి, గాజు తుడిచే మందు కొట్టొద్దు. లోపలి అద్దానికి పూత పైనే ఉంటుంది, బట్ట తగిలితే గీతలే. వెనక మూత మనం తెరవొద్దు, ఆపేశాక కూడా వేల వోల్టులు దాగి ఉంటాయి. మిర్చి సీజన్‌లో మా ఊళ్లో దుమ్ము సంగతి తెలిసిందే, అమ్మీ దానికి గిలాఫ్ కుట్టింది. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి స్టెబిలైజర్ తప్పనిసరి.

ఇంకొకటి గట్టిగా చెప్పాడు. కాంట్రాస్ట్ సగానికి తగ్గించండి, కదలని బొమ్మ ఎక్కువసేపు ఉంచకండి, ట్యూబు మీద దాగ్ పడుతుంది అని. ఇదొక్కటే మేం పాటించలేదు. నానీకి హజ్ నసీబ్ కాలేదు. పెద్ద డిష్ పెట్టించాక సౌదీ చానెల్‌లో హరమ్ లైవ్ వచ్చేది. రంజాన్‌లో తరావీహ్, తర్వాత హజ్, తర్వాత మామూలు రోజులు కూడా. ఇప్పుడు చిల్మన్ లేదు. చాప మీద అందరికంటే ముందు కూర్చుని, తవాఫ్ చేసేవాళ్లను ఒక్కొక్కరినీ చూసేది. చూపు తగ్గే కొద్దీ కాంట్రాస్ట్ పెంచమనేది. పెంచేవాళ్లం.

2007లో నానీ పోయింది. ఆ డిసెంబర్‌లోనే సోనీ ఈ రకం టీవీలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది, 2012 చివర్లో మిత్సుబిషి కూడా మానేసింది. పల్చటి టీవీల ముందు ఇవి నిలవలేదు. మాదానికి ట్యూబుల ముందుండే చల్లబరిచే ద్రవం మబ్బుపట్టి బొమ్మ మసకబారింది. మార్పించొచ్చన్నారు, ఖర్చు విని ఊరుకున్నాం. అయినా అబ్బా ఇంకో రెండేళ్లు అదే చూశారు. క్రికెట్ వచ్చినా వార్తలు వచ్చినా పైమూలలో ఆ చానెల్ గుర్తు నీడలా ఉండేది. చుట్టాలు అదేంటని అడిగితే "అమ్మా కా హై" అనేవారు అబ్బా. కబాడీవాడు వచ్చిన రోజు ప్లగ్ తీసే ముందు ఒకసారి ఆన్ చేయమన్నారు.