తొలి సింథసైజర్ కొంటున్నారా? లాల్‌బజార్ మెట్లెక్కే ముందు తెలుసుకోవాల్సినవి

కోల్‌కతా పోలీసు ప్రధాన కార్యాలయం ఉన్న లాల్‌బజార్ దగ్గర రవీంద్ర సరణిలోకి తిరిగితే వరుసగా వాద్యాల దుకాణాలు కనిపిస్తాయి. ఒకప్పుడు చిత్‌పూర్ రోడ్డుగా పిలిచిన ఈ దారిలో సితార్, తబలా, హార్మోనియంల పక్కనే ఎలక్ట్రానిక్ కీబోర్డులూ అమ్ముతారు. గార్డెన్‌రీచ్ నుంచో, రైల్వే ఉద్యోగాలతో తెలుగువారు తరాలుగా స్థిరపడ్డ ఖరగ్‌పూర్ నుంచో వచ్చిన కుటుంబం ఇక్కడ ‘సింథసైజర్ చూపించండి’ అని అడిగితే, చాలాసార్లు బల్ల మీదకు వచ్చేది సింథసైజర్ కాదు. బెంగాల్‌లో కరెంటుతో మోగే ప్రతి మెట్ల వాద్యాన్నీ సింథసైజర్ అనేయడం అలవాటు. తెలుగిళ్లలో అదే వస్తువును ‘క్యాసియో’ అంటాం. ఈ పేర్ల గందరగోళంలోనే చాలామంది మొదటి కొనుగోలు తప్పుతుంది.

రెండూ ఒకటి కాదు

యమహా పీఎస్‌ఆర్, క్యాసియో సీటీ శ్రేణుల్లో వచ్చేవి అరేంజర్ కీబోర్డులు. వీటిలో వందల కొద్దీ సిద్ధమైన వాద్యధ్వనులు, తాళాలు ఉంటాయి. ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంటే వెనక బ్యాండ్ మొత్తం మోగుతుంది. భారతీయ మార్కెట్ కోసం తబలా, తంబురా, సితార్ ధ్వనులతో ప్రత్యేక మోడళ్లూ ఉన్నాయి. స్పీకర్లు లోపలే ఉంటాయి. పాటలు నేర్చుకోవాలన్నా, ఇంట్లో ఎవరైనా పాడుతుంటే పక్కన వాయించాలన్నా ఇవి చాలు.

సింథసైజర్ పని వేరు. అది ధ్వనిని మొదటి నుంచి తయారు చేస్తుంది. ఆసిలేటర్ ముడి ధ్వనిని పుట్టిస్తుంది. ఫిల్టర్ అందులోని పదునును తగ్గిస్తుంది లేదా పెంచుతుంది. ఎన్వలప్ ఆ ధ్వని ఎంత త్వరగా మొదలవ్వాలో, ఎంతసేపు నిలవాలో, ఎలా ఆగాలో నిర్ణయిస్తుంది. ఎల్‌ఎఫ్‌ఓ దానికి కంపనం ఇస్తుంది. 1970లో వచ్చిన మినీమూగ్ ఈ నాలుగింటినీ ఒక్క పెట్టెలో చేర్చి, వేదిక మీదకు మోసుకెళ్లగలిగే సింథసైజర్‌కు నమూనా అయింది. నేటి చిన్న సింథసైజర్లలో చాలావరకు ఆ దారిలోనే నడుస్తున్నాయి.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: కొనేది పాట వాయించడానికా, ధ్వని తయారు చేయడానికా? పదేళ్ల పిల్లకు సరిగమలు నేర్పించాలనుకునే తల్లిదండ్రులు సింథసైజర్ కొంటే తొలి నెలలోనే అది మూలకు చేరుతుంది. సొంతంగా ట్రాకులు చేయాలనుకునే కాలేజీ కుర్రాడికి అరేంజర్ కొనిపెట్టినా జరిగేది అంతే.

హార్మోనియం నేర్పిన పాఠం

మెట్ల వాద్యంపై మన సంగీతం ఎంతవరకు పలుకుతుందన్న వాదనకు కోల్‌కతాతో దగ్గరి సంబంధం ఉంది. ఐరోపాలో కాళ్లతో తొక్కే హార్మోనియాన్ని నేలపై కూర్చుని చేత్తో గాలి కొట్టే పెట్టెగా మార్చినవారిలో ప్రముఖంగా చెప్పే పేరు ఈ నగరానికి చెందిన ద్వారకానాథ్ ఘోష్. ఆయన ద్వార్కిన్ సంస్థ 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో దాన్ని దేశమంతా వ్యాపింపజేసింది. అయితే స్వరానికీ స్వరానికీ మధ్య జారడం దానికి చేతకాదన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు అది నచ్చలేదు. ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని చూసిన బ్రిటిష్ స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ కూడా దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆయన 1939లో కోల్‌కతాలోనే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971లో గానీ సడలలేదు.

అరేంజర్ అయినా సింథసైజర్ అయినా ఆ విమర్శ వర్తిస్తుంది. కానీ సింథసైజర్ దగ్గర దానికి కొంత జవాబుంది. ఎడమవైపు ఉండే పిచ్ బెండ్ చక్రం స్వరాన్ని పైకీ కిందికీ జారుస్తుంది. సాధారణంగా అది రెండు అర్ధస్వరాల మేర జారేలా ఉంటుంది. చాలా వాటిలో ఈ పరిధిని మార్చుకోవచ్చు. పోర్టమెంటో ఒక స్వరం నుంచి మరో స్వరానికి పాకుతూ వెళ్లేలా చేస్తుంది. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డుపైనే కర్ణాటక కచేరీలు చేస్తూ పేరు తెచ్చుకున్నారు. ముంబయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ యంత్రాలతో పది రాగాలను డిస్కో లయపై వాయించి రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ రికార్డు 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చింది.

గమకాలు ముఖ్యమనుకునేవారు దుకాణంలో మొదట పరీక్షించాల్సింది ఈ చక్రాన్నే. కొన్ని చిన్న మోడళ్లలో దాని స్థానంలో పొట్టి లీవరో, తాకే పట్టీయో ఉంటుంది. మోహనమో, కల్యాణియో నాలుగు సంచారాలు వాయించి చూస్తే అది చేతికి ఒదుగుతుందో లేదో తెలిసిపోతుంది. ట్రాన్స్‌పోజ్ సదుపాయం ఉందో లేదో కూడా చూడాలి. అది ఉంటే ఒకటో శ్రుతిలో అలవాటైన వేళ్లతోనే ఐదున్నర శ్రుతిలో పాడేవారి పక్కన వాయించవచ్చు.

మెట్లు ఎన్ని, ఎంత వెడల్పు?

25 మెట్లంటే రెండు స్థాయిలు, 37 అంటే మూడు, 61 అంటే ఐదు. చిన్న సింథసైజర్లలో ఎక్కువగా కనిపించేవి 25, 37. అంకె కన్నా మెట్టు వెడల్పు ముఖ్యం. మామూలు పియానోలో ఒక స్థాయి సుమారు 16.5 సెంటీమీటర్లు ఉంటుంది. మినీ మెట్లు అంతకన్నా ఇరుకు. బాస్ లైన్లకు, ఒక్క చేతి రాగాలకు అవి సరిపోతాయి. పియానో నేర్చుకుంటున్నవారికి మాత్రం వేళ్ల కొలత చెడుతుంది.

ఒకేసారి ఎన్ని స్వరాలు మోగుతాయన్నది మరో లెక్క. మినీమూగ్ తరహా మోనో సింథ్‌లో ఒక్క స్వరమే పలుకుతుంది. 2002లో వచ్చిన కోర్గ్ మైక్రోకోర్గ్‌లో, 2016 నాటి మినీలాగ్‌లో నాలుగు స్వరాలు మోగుతాయి. 2015లో వచ్చిన యమహా రిఫేస్ సీఎస్‌లో ఎనిమిది. కార్డులు పట్టాలంటే కనీసం నాలుగు కావాలి. ఒకే స్వరంతో ఆలాపన సాగించేవారికి మోనో లోటేమీ కాదు.

కొత్తగా నేర్చుకునేవారికి ముందు ప్యానెల్‌పై ప్రతి పనికీ ఒక నాబ్ ఉన్న యంత్రం మేలు. తిప్పగానే మార్పు వినిపిస్తే ఏది ఏం చేస్తుందో చెవికి తెలుస్తుంది. చిన్న తెరలో మెనూలు వెతుక్కోవాల్సిన యంత్రాల్లో ఆ నేర్పు ఆలస్యంగా అబ్బుతుంది.

ధర పట్టీలో కనిపించని ఖర్చు

చాలా సింథసైజర్లలో స్పీకర్లు ఉండవు. రిఫేస్, కోర్గ్ వోల్కా వంటి కొన్నింటిలోనే చిన్న స్పీకర్, బ్యాటరీతో నడిచే వీలు ఉన్నాయి. మిగతా వాటికి హెడ్‌ఫోన్లో యాంప్లిఫయరో విడిగా కొనాలి. కంప్యూటర్‌కు కలపాలంటే యూఎస్‌బీ ఉండాలి. 1983 నుంచి ఎలక్ట్రానిక్ వాద్యాలకు ఉమ్మడి భాషగా ఉన్న మిడి పోర్టు ఉంటే, రేపు రెండో యంత్రం కొన్నా ఇబ్బంది ఉండదు.

అడాప్టర్ విషయంలో ఏమరుపాటు పనికిరాదు. మన దగ్గర కరెంటు 230 వోల్టులు, జపాన్‌లో 100. బంధువులు జపాన్ నుంచి తెచ్చిన అడాప్టర్‌ను నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోవచ్చు. వోల్టేజీతో పాటు పిన్ను మధ్యభాగం ప్లస్సా, మైనస్సా అన్నదీ యంత్రంపై ఉన్న గుర్తుతో సరిపోవాలి. విదేశాల నుంచి వచ్చిన వస్తువుకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ముందే అడగాలి.

కోల్‌కతా వాతావరణానికీ లెక్క ఉంది. వానాకాలంలో గాలిలో తేమ తరచూ 80 శాతం దాటుతుంది. మెట్ల కింద ఉండే రబ్బరు కాంటాక్టులకు, నాబ్‌లకు తేమ, దుమ్ము రెండూ శత్రువులే. వాడనప్పుడు గుడ్డ కప్పడం, సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయడం అలవాటు చేసుకోవాలి. ఇదే సలహా విశాఖకూ మచిలీపట్నానికీ వర్తిస్తుంది.

పాతది కొనేటప్పుడు ప్రతి మెట్టునూ మెల్లగా, గట్టిగా నొక్కి చూడాలి. నాబ్ తిప్పుతుంటే గరగర వస్తోందా? పిచ్ చక్రం వదలగానే మధ్యకు వచ్చి శ్రుతి సరిగ్గా నిలుస్తోందా? పాత యంత్రాల్లో ధ్వనులను దాచే లోపలి బ్యాటరీ అయిపోయి ఉంటే సేవ్ చేసినవన్నీ పోతాయి. దాన్ని మార్చే మెకానిక్ ఉన్నాడో లేదో తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.

కొనకుండానే మొదలుపెట్టొచ్చు

ఇంట్లో కంప్యూటర్ ఉంటే సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ వంటి సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు ఉచితంగా దొరుకుతాయి. 1983 నాటి యమహా డీఎక్స్7 ధ్వనులను డెక్స్‌డ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వినిపిస్తుంది. 25 మెట్ల మిడి కంట్రోలర్ ఒకటి తోడైతే చాలు. ఫిల్టర్, ఎన్వలప్ అంటే ఏమిటో మూడు నెలలు ఇలా తిప్పి చూసినవారికి దుకాణంలో ఏం అడగాలో స్పష్టంగా తెలుస్తుంది. మూడు నెలల తర్వాత ఆసక్తి తగ్గినా పెద్ద నష్టమేమీ ఉండదు.

చివరికి తేలేదిది. పాట, తాళం, సరిగమల కోసమైతే 61 మెట్ల అరేంజర్. ధ్వనిపై ఆసక్తి ఉండి కార్డులూ కావాలంటే నాలుగు స్వరాలకు తగ్గని 37 మెట్ల సింథసైజర్. రాగాలాపన మీదే మనసుంటే మంచి పిచ్ చక్రమున్న మోనో సింథ్ అయినా చాలు. ఏది ఎంచుకున్నా లాల్‌బజార్‌కు సొంత హెడ్‌ఫోన్లు తీసుకెళ్లడం మంచిది. వీధి రొదలో దుకాణం స్పీకర్లో అన్ని యంత్రాలూ ఒకేలా వినిపిస్తాయి.