27 డిగ్రీల ప్రయోగశాల

అనంతపురం ఇంజనీరింగు కళాశాల 1946లో మద్రాసు గిండీలో ఆరంభమై, 1948లో ఈ ఊరికి తరలివచ్చింది. ఆనాడు సర్క్యూటు పనితీరు తెలియాలంటే కట్టి చూడవలసిందే. కాలిన భాగం కాలినట్టే.

బర్క్‌లీలో డొనాల్డ్ పెడర్సన్ వద్ద లారెన్స్ నాగెల్ రాసిన స్పైస్ 1973లో వెలువడింది. (దాని పూర్వరూపం పేరు క్యాన్సర్! ఆ పేరు పెట్టినవారి ధైర్యానికి జోహారు.) కిర్కాఫ్ నియమాలను సమీకరణాలుగా మలచి, జవాబు కుదురుకునేవరకు మళ్ళీ మళ్ళీ లెక్కించడమే దాని పని. పెడర్సన్ దానిని హక్కుల సంకెళ్ళు లేకుండా పంచిపెట్టారు. అందుకే దాని సంతతి విస్తరించింది. 1984లో పర్సనల్ కంప్యూటరుకు వచ్చిన పీస్పైస్, తరువాత జె.ఎన్.టి.యు. సిలబసులలోనూ చేరింది. విద్యార్థి ముందు తెరమీద ఆంప్లిఫయరును నడిపి, పిమ్మట తీగలు కలుపుతాడు.

ఇక్కడొక చిక్కుంది. మనమేమీ చెప్పకపోతే స్పైస్ ఉష్ణోగ్రతను 27 డిగ్రీలనుకుంటుంది. అనంతపురంలో మే మధ్యాహ్నం 40 దాటుతుంది. ట్రాన్సిస్టరు బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఆ వోల్టేజిని బిగించి ఉంచిన సర్క్యూటులో 13 డిగ్రీల తేడాకే కరెంటు రెండింతలకు పైబడుతుంది. సర్క్యూటు వివరాల జాబితాలో '.టెంప్ 42' అన్న పంక్తి చేరిస్తే స్పైస్ ఈ తేడాను చూపుతుంది. బోరుబావి పక్కన రేకుల షెడ్డులో బిగించబోయే సర్క్యూటుకైతే నేను 60 అని రాస్తాను.