నిబంధన మారింది.. మధ్యలో ఉన్న మీ దరఖాస్తు ఏమవుతుంది?

ఒక సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టారు. రసీదు నంబరు వచ్చింది. పది రోజుల తర్వాత స్టేటస్ చూసినా 'పరిశీలనలో ఉంది' అనే చూపిస్తోంది. ఈలోగా అదే సేవకు మీ తర్వాత దరఖాస్తు పెట్టిన పక్కింటాయనకు సర్టిఫికెట్ చేతికొచ్చేసింది. ఆయన ఫైలు ఇద్దరు అధికారులను దాటితే సరిపోయింది. మీది ముగ్గురిని దాటాలి. ఎవరో కావాలని ఆపారనుకోవాల్సిన పని లేదు. మీ ఇద్దరి దరఖాస్తులూ ఒకే సేవకు చెందిన రెండు వేర్వేరు వెర్షన్లలో నడుస్తూ ఉండొచ్చు.

ఫైలు ఎటు వెళ్లాలో ఎవరు చెబుతారు?

దరఖాస్తు మొదట ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఆయన ఆమోదిస్తే ఎవరికి, తిరస్కరిస్తే ఎటు, ఎన్ని రోజుల్లో.. ఇదంతా వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్‌లో ఒక బొమ్మలా గీస్తారు. దీనికి ప్రపంచమంతా ఎక్కువగా వాడే పద్ధతి బీపీఎంఎన్. దాని 2.0 వెర్షన్ 2011లో వచ్చింది, 2013లో ఐఎస్ఓ ప్రమాణంగా మారింది. ఇందులో వృత్తం అంటే మొదలు లేదా ముగింపు. గుండ్రటి మూలల గడి అంటే ఒకరు చేయాల్సిన పని. వజ్రం ఆకారం అంటే 'అవునా, కాదా' అని దారి చీలే చోటు. ఆ బొమ్మను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాక, వచ్చే ప్రతి దరఖాస్తూ ఆ దారిలోనే నడుస్తుంది.

బొమ్మ మారితే?

కముందా, ఫ్లోయబుల్ లాంటి సాఫ్ట్‌వేర్లలో కొత్త బొమ్మ ఎక్కించినంత మాత్రాన పాతది చెరిగిపోదు. వెర్షన్ 1 పక్కన వెర్షన్ 2 చేరుతుంది. ఆ రోజు నుంచి వచ్చే దరఖాస్తులు 2లో మొదలవుతాయి. అప్పటికే సగం దూరం వచ్చినవి 1లోనే కొనసాగుతాయి. ఇది మంచికే. ఆట మధ్యలో నిబంధనలు మారకుండా కాపాడుతుంది. కానీ పాత దారిలో ఒక మెట్టే లేకుండా పోతే?

2020 సెప్టెంబరులో తెలంగాణలో వీఆర్వో పోస్టులను చట్టం చేసి రద్దు చేశారు. 'వీఆర్వో విచారణ' అనే గడి ఉన్న ఏ సేవకైనా అలాంటి రోజున ఒకే ప్రశ్న ఎదురవుతుంది. కొత్త బొమ్మలో ఆ గడి తీసేయడం తేలికే. పాత బొమ్మలో సరిగ్గా ఆ గడి దగ్గర ఆగి ఉన్న దరఖాస్తులను తెరిచి చూడటానికి మాత్రం ఎవరూ ఉండరు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది తప్పు కాదు, ఒక పని పెండింగ్‌లో ఉందంతే. అందుకే ఎర్రర్ రాదు, మీకు మెసేజ్ కూడా రాదు.

అప్పుడు శాఖ ముందు మూడు దారులుంటాయి. పాత వెర్షన్‌లోని పనిని వేరే అధికారికి అప్పగించడం ఒకటి. ఆగిపోయిన దరఖాస్తులను కొత్త వెర్షన్‌లోకి మార్చడం రెండోది. దీన్నే మైగ్రేషన్ అంటారు. పాత గడి స్థానంలో కొత్త బొమ్మలో ఏ గడి వస్తుందో ఒక మనిషి చూసి చెప్పాలి. రద్దు చేసి మళ్లీ దరఖాస్తు చేసుకోమనడం మూడోది. శాఖకు ఇదే తేలిక, మీకు ఇదే భారం.

సెట్టింగ్ మారితే?

ఫీజు ఎంత, ఏ విభాగంలో ఏ అధికారి, ఎన్ని పత్రాలు అడగాలి లాంటి విలువలను సాధారణంగా బొమ్మలో రాయకుండా విడిగా ఉంచుతారు. వాటికి వెర్షన్ లేకపోతే, మార్చిన క్షణం నుంచే పాత దరఖాస్తులకూ వర్తిస్తాయి. నిన్నటి వరకు అడగని పత్రం ఇవాళ అడగడానికి ఒక కారణం ఇదే కావచ్చు.

మరో చిక్కు ఉంది. పెద్ద ప్రక్రియలు చిన్న ఉప ప్రక్రియలను పిలుస్తుంటాయి. ఉదాహరణకు 'చిరునామా తనిఖీ'. కముందా 7లో ప్రత్యేకంగా చెప్పకపోతే, అలా పిలిచినప్పుడు తాజా వెర్షన్‌నే తీసుకుంటుంది. అంటే దరఖాస్తు పాత దారిలోనే ఉన్నా, మధ్యలో ఒక ముక్క మాత్రం కొత్తది నడుస్తుంది.

గడువు లెక్క ఎలా?

తెలంగాణ బీపాస్ చట్టం 2020లో వచ్చింది. సింగిల్ విండో కింద వచ్చే నిర్మాణాలకు 21 రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలని అందులో ఉంది. ఇలాంటి గడువులను వర్క్‌ఫ్లోలో టైమర్‌గా పెడతారు. దరఖాస్తు ఆ మెట్టుకు చేరినప్పుడే టైమర్ ముగిసే తేదీ లెక్క అయిపోతుంది. ఆ తర్వాత బొమ్మలో 21ని 15గా మార్చినా, అప్పటికే మొదలైన టైమర్ దానంతట అది తగ్గదు. విడిగా సరిచేయాలి.

మీరు ఏం చేయాలి?

* రసీదు, దరఖాస్తు తేదీ, ఆ రోజు పోర్టల్‌లో చూపిన ఫీజు, పత్రాల జాబితా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. మీరు ఏ నిబంధనల కింద దరఖాస్తు పెట్టారో చెప్పే ఆధారం అదే.

* స్టేటస్ కదలకపోతే 'ఎప్పుడు వస్తుంది' అని కాకుండా 'ఇప్పుడు ఏ మెట్టులో, ఏ హోదా అధికారి లాగిన్‌లో ఉంది' అని అడగండి. ఆ హోదాలో ఎవరూ లేరని తేలితే సమస్య అక్కడే దొరికినట్టు.

* రద్దు చేసుకుని మళ్లీ పెట్టమంటే వెంటనే ఒప్పుకోకండి. దరఖాస్తు తేదీ మారితే గడువు, సీనియారిటీ, ఫీజు మారతాయేమో ముందు తెలుసుకోండి. కొత్త ప్రక్రియలోకి మార్చే వీలుందా అని రాతపూర్వకంగా అడగండి.

* జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ దరఖాస్తు కదలికల వివరాలు, ప్రక్రియ మార్పు ఉత్తర్వు ప్రతి కోరండి. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

కొత్త విధానం ప్రకటించిన రోజున శాఖలు 'ఇక నుంచి ఇలా' అని చెబుతాయి. అప్పటికే లైన్‌లో ఉన్నవాళ్ల సంగతేమిటో కూడా అదే ప్రకటనలో ఉండాలి. లేకపోతే అడగండి. ఆ లైన్‌లో ఉన్నది మీరే.