ప్రతిభావంత బాలలకు వేసవి గణిత తర్కం – బోధకుల నియామకం

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో గల జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 1979లో ప్రతిభావంత బాలల కేంద్రాన్ని నెలకొల్పినది. మనోవిజ్ఞాన శాస్త్ర ఆచార్యులు జూలియన్ స్టాన్లీ 1971లో ఆరంభించిన గణిత ప్రతిభా అధ్యయనం దీనికి మూలం. కళాశాల ప్రవేశానికి ఉద్దేశించిన శాట్ పరీక్షను పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు నిర్వహించి అసాధారణ ప్రతిభను గుర్తించడం ఆయన పద్ధతి.

ఈ కేంద్రం వేసవిలో నిర్వహించిన కోర్సులలో గణిత తర్కం ఒకటి. వసతితో కూడిన మూడు వారాల తరగతికి ఒక బోధకుని, ఒక సహాయకుని నియమిస్తారు. ఉద్యోగం ఆ వేసవికే పరిమితం.

ఎంపికలో అసలు చిక్కు వేరొకటి ఉన్నది. గణితంలో స్నాతకోత్తర పట్టా పొందిన వారందరూ తర్కం చదివి ఉండరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాత పదో తరగతి ‘ప్రవచనాలు – సమితులు’ పాఠం చదివిన వారికి సత్య పట్టిక పరిచితమే. మూడు ప్రవచనాలకు 8 వరుసలు చాలును. పది ప్రవచనాలకు 1,024 కావలెను. కనుక పట్టికను విడిచి నిరూపణను ఆశ్రయించవలసి వచ్చును. అప్పుడు, సత్యమైనదంతా నిరూపించగలమా అని బాలలు తప్పక అడుగుదురు. ప్రథమ శ్రేణి తర్కంలో సర్వత్రా సత్యమైన వాక్యాలన్నిటికీ నిరూపణ కలదని కుర్ట్ గోడెల్ 1929లో చూపినారు. అంకగణిత సత్యాలన్నిటినీ, యాంత్రికంగా పేర్కొనదగిన, వైరుధ్యం లేని ఏ స్వీకృతాల సమితి నుంచీ రాబట్టలేమని 1931లో ఆయనే నిరూపించినారు. ఈ రెండింటికీ పొత్తు ఎట్లు కుదిరినదో పదమూడేళ్ల పిల్లలకు విశదపరచగలవారే ఈ పనికి తగినవారు. తక్కిన అర్హతలు ఆ తరువాతివే. దరఖాస్తుదారులు తాము చదివిన తర్క కోర్సులను విడిగా పేర్కొనుట మేలు.