ఎంతసేపట్లో రాగలవు?

నాన్న పోయిన రోజు బాబాయి ఫోన్లో అడిగింది ఈ ఒక్కటే. ఎంత దూరంలో ఉన్నావని కాదు. ఫ్రీజర్ బాక్సులో ఎన్ని గంటలు ఉంచాలో తేల్చుకోవాలి కదా. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి గన్నవరం, ఆపైన కారు. వేళ్ల మీద లెక్కేసి "ముప్పై గంటలు బాబాయ్" అన్నాను. అన్నానే గానీ నాకే నమ్మకం లేదు.

దూరం లెక్క తేలికే. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే శాన్‌ఫ్రాన్సిస్కోకీ ఢిల్లీకీ మధ్య సుమారు 12,400 కిలోమీటర్లు. ఎప్పుడు కొలిచినా అంతే. మారేవి గంటలే. 2015 డిసెంబరులో ఎయిరిండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టినప్పుడు అది పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకి, పసిఫిక్ మీదకి మళ్లించారు. దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది, అంటే మునుపటికంటే దాదాపు రెండు గంటలు తక్కువ!

చుట్టుదారిని దగ్గర చేసింది గాలి. తొమ్మిది, పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి ఏరులా పారే జెట్ స్ట్రీమ్. దీన్ని ముందుగా కొలిచినవాళ్లలో ఒకాయన జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి. టోక్యోకి ఈశాన్యాన తతెనో అనే చోట బెలూన్లు ఎగరేసి, నేల మీద నుంచి వాటి కదలికను చూస్తూ లెక్కలు కట్టేవాడు. 1924 డిసెంబరులో ఒకరోజు సెకనుకు 70 మీటర్లు దాటిన గాలి కనిపించింది. గంటకి 250 కిలోమీటర్ల పైమాటే. ప్రపంచమంతా చదవాలని ఆ ఫలితాలను 1926లో ఎస్పెరాంటో భాషలో అచ్చేశాడు. ప్రపంచం చదవలేదు. (తెలుగులో బ్లాగు రాసేవాడిగా ఆయన మీద నాకు కాస్త ఎక్కువ జాలి.) 1944 చివర్లో టోక్యో మీదకొచ్చిన అమెరికా బీ-29 బాంబర్లు ఈ గాలిలో చిక్కుకుని గురి తప్పాయి. అప్పటికి గానీ వాళ్లకి దీని సత్తా తెలియలేదు.

బాంబుల సంగతి అలా ఉంచి, ప్రయాణికులకి ఇది కలిసొచ్చింది 1952 నవంబరులో. పాన్ యామ్ విమానమొకటి టోక్యో నుంచి హోనొలులుకి 7,600 మీటర్ల ఎత్తున ఈ గాలినెక్కి వెళ్లింది. పద్ధెనిమిది గంటల ప్రయాణం పదకొండున్నరకి దిగింది.

అయితే ఈ ఏరు ఒకవైపే పారుతుంది. దానికి ఎదురెళ్లేవాడికి ఆ గంటలన్నీ అప్పు కింద పడతాయి. ఆ రాత్రి ముందు సీటు తెర మీద ఎదురుగాలి అంకెనే చూస్తూ కూర్చున్నాను. అరవై, తొంభై, నూటపది. ఢిల్లీలో దిగేసరికి గన్నవరం విమానం వెళ్లిపోయింది.

ఇంటికి చేరేసరికి ముప్పై ఆరు గంటలు. బాబాయి ఎవరి మాటా వినకుండా ఆపి ఉంచాడు.